మూడు చదరపు మీటర్ల పొరపాటు

2023 జూలైలో ఒక సోమవారం ఉదయం నేను కుడి మోచేతిని పక్కకు అదిమిపట్టుకొని కార్యాలయం మెట్లెక్కుతుండగా చూసిన మిత్రులు స్కూటరు మీద నుంచి పడ్డాననుకున్నారు. సముద్రంలో పడ్డానని చెబితే నవ్వారు. సముద్రంలో పడితే తడవాలి గాని పక్కటెముకలు చిట్లడమేమిటని వారి సందేహం. ఆ రోజు సమాధానం చెప్పలేకపోయాను. నవ్వితే నొప్పి, మాట్లాడితే నొప్పి. ఈ మధ్య మన పత్రిక కోసం ఏదైనా వ్యాపకం గురించి రాయమని సంపాదకవర్గం వారు అడిగినప్పుడు ఆ పాత బాకీ తీర్చుకోవచ్చుననిపించింది. ఇందుకు మరొక కారణం కూడా ఉన్నది. మా అమ్మాయి అదే ఆట నేర్చుకుంటానని పట్టుబట్టింది. తండ్రి పక్కటెముకలకు జరిగిన దానిని నవ్వులాటగా తీసుకోవచ్చు గాని, కూతురి విషయంలో అలా కుదరదు. అందువల్ల నా పొరపాటును మొదటి నుంచి లెక్కకట్టి చూసుకోవలసి వచ్చింది.

ఆట పేరు హైడ్రోఫాయిల్ కైట్‌సర్ఫింగ్. పేరు పొడుగే గాని విషయం మనకు బొత్తిగా కొత్తది కాదు. ఆకాశంలో పెద్ద కైట్ ఒకటి ఎగురుతూ ఉంటుంది. సుమారు ఇరవై మీటర్ల పొడవైన నాలుగు లేక ఐదు తాళ్లు దానిని మన చేతిలోని బార్‌కు కలుపుతాయి. లాగుడు బరువంతా చేతుల మీద పడకుండా నడుముకు కట్టుకున్న హార్నెస్ మోస్తుంది. కాళ్ల కింద బోర్డు ఉంటుంది. సాధారణ కైట్‌సర్ఫింగ్‌లో ఆ బోర్డు నీటిని రాసుకుంటూ జారుతుంది. హైడ్రోఫాయిల్ ఉన్న బోర్డుకు మాత్రం అడుగున ఒక నిలువు స్తంభం, దాని చివర విమానానికి ఉన్నట్లు చిన్న రెక్కలు ఉంటాయి. వేగం అందుకోగానే నీటిలోని ఆ రెక్కలు బోర్డును, దానిపై నిలబడిన మనిషిని నీటిమట్టానికి పైకి ఎత్తివేస్తాయి. అలల చప్పుడు ఒక్కసారిగా ఆగిపోతుంది. ఆ నిశ్శబ్దం కోసమే యాభై దాటిన నేను ఈ ఆటలో పడ్డాను.

నీటి రెక్కల ఆలోచన పాతదే. ఇటలీకి చెందిన ఎన్రికో ఫోర్లానినీ 1906లో మాజోరే సరస్సు మీద ఇటువంటి పడవను నడిపారు. టెలిఫోన్‌తో పేరుగాంచిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ బృందం నిర్మించిన హెచ్‌డీ-4 అనే పడవ 1919లో గంటకు 114 కి.మీ. వేగాన్ని అందుకుంది. నీటి సాంద్రత గాలి సాంద్రతకు ఎనిమిది వందల రెట్లకు పైగా ఉంటుంది కాబట్టి నీటిలో చాలా చిన్న రెక్క సరిపోతుంది. నేర్చుకునేవారు వాడే రెక్క వైశాల్యం 1200 చదరపు సెంటీమీటర్లు అనుకుందాం. మన ఆఫీసు కాగితాలు రెండు పక్కపక్కన పెడితే వచ్చేటంత. మనిషి, బోర్డు కలిపి 90 కిలోల బరువును ఆ రెండు కాగితాలంత రెక్క గంటకు 15 నుంచి 18 కి.మీ. వేగంలోనే మోయగలదు. సైకిలు తొక్కే వేగమన్నమాట. ఈ అంకెను జ్ఞాపకం ఉంచుకోమని మనవి. నా పొరపాటంతా దీనిని పట్టించుకోకపోవడం వల్లనే జరిగింది.

బదిలీ మీద తమిళనాడు దక్షిణ జిల్లాలకు వచ్చాక మండపం, రామేశ్వరం తీరాలు నాకు అందుబాటులోకి వచ్చాయి. ఒకవైపు పాక్ అఖాతం, మరొకవైపు మన్నారు సింధుశాఖ. గాలి ఏ దిక్కు నుంచి వీచినా ఏదో ఒకవైపు అనుకూలమైన నీరు దొరుకుతుంది. అక్కడ మత్స్యకార కుటుంబానికి చెందిన ఒక యువకుడి దగ్గర రెండు సీజన్లు శ్రద్ధగా సాధారణ బోర్డు నేర్చుకున్నాను. గాలికి ఎదురుగా దారి తీసి, బయలుదేరిన చోటికే తిరిగి రాగల స్థాయికి వచ్చాను. అది రాకుండా ఫాయిల్ జోలికి పోకూడదు. ఇక ఫాయిల్ నేర్చుకుందామనుకున్నప్పుడు ఏ కైట్ తీసుకోవాలన్న ప్రశ్న వచ్చింది.

నా బరువు 78 కిలోలు. సాధారణ బోర్డు మీద 15 నాట్ల గాలిలో 12 చదరపు మీటర్ల కైట్ వాడేవాడిని. ఒక నాట్ అంటే గంటకు 1.852 కి.మీ. ఫాయిల్‌కు తొమ్మిది చాలునని ఆ యువకుడు అన్నాడు. నాకు నమ్మకం కలగలేదు. నీటిలో నుంచి మనిషిని గాలిలోకి లేపవలసిన చోట కైట్ ఇంకా చిన్నదిగా ఉండాలనడం తలకిందుల వాదనగా తోచింది.

“పన్నెండైతే త్వరగా లేస్తాను కదా, తమ్ముడూ?” అన్నాను.

“సార్, మీరు లేవడం కోసం కైట్ కొంటున్నారు. పడినప్పుడు అది ఏం చేస్తుందో చూసి కొనండి” అన్నాడు అతడు, వచ్చీరాని తెలుగులో.

నేను విన్నాను, తల ఊపాను, పాటించలేదు. ఒకచోట సగం ధరకు వచ్చిన, ఐదు స్ట్రట్లున్న పాత 12 చదరపు మీటర్ల కైట్ కొన్నాను. ఇక్కడ మన వృత్తికి సంబంధించిన ఒక దురలవాటును ఒప్పుకోవాలి. మన ప్లాంటుల్లో పంపు ఎంపిక ఎలా జరుగుతుందో అందరికీ తెలిసినదే. ప్రాసెస్ వారు అవసరానికి మించి పది శాతం కలుపుతారు. ఆ సంగతి తెలియని మెకానికల్ వారు మరో పది శాతం కలుపుతారు. ఎలక్ట్రికల్ వారు దానికి పై సైజు మోటారు ఎంచుతారు. చివరకు ఆ పంపు జీవితాంతం వాల్వు సగం మూసుకొని నడుస్తుంది. కరెంటు వృథా అవుతుంది గాని ఎవరికీ దెబ్బ తగలదు. ‘పెద్దదే ఉండనీ’ అన్న ఆ ముప్ఫై ఏళ్ల అలవాటుతోనే నేను కైట్ కొన్నాను.

ఆ శనివారం ఉదయం గాలి తొమ్మిది పది నాట్లకు మించి లేదు. పెద్ద కైట్ ఉన్నది కదా అని దిగాను. ఫాయిల్ మీద నిలబడబోయి పడ్డాను. నాతోపాటు కైట్ కూడా నీటి మీద పడింది. ఐదు స్ట్రట్ల బరువు, గాలి నింపిన ముందంచు గొట్టం బరువు కలిసి దానిని నీటికి అతికించినట్లు ఉంచాయి. ఆ నీరసపు గాలికి అది లేవలేదు. తాళ్లు లాగాను, ఒక పక్కకు ఈదాను, నిరీక్షించాను. గాలి ఒడ్డుకు పక్కవాటంగా వీస్తున్నది కాబట్టి నేను ఒడ్డుకు చేరకుండా దాని వెంబడి కొట్టుకుపోయాను. సుమారు నలభై నిమిషాల తరువాత వల్లంలో పోతున్న ఇద్దరు మత్స్యకారులు నన్నూ నా సరంజామానూ ఒడ్డుకు చేర్చారు. కూలి ఇవ్వబోతే పుచ్చుకోలేదు.

మధ్యాహ్నానికి గాలి 15 నాట్లకు పెరిగింది. ఉదయం అవమానం ఇంకా తాజాగా ఉన్నది. మళ్లీ దిగాను. ఈసారి కైట్ బలంగా లాగింది. బోర్డు వేగం అందుకొని లేచింది. రెండు మూడు సెకన్లు నీటికి అడుగు ఎత్తున ఉన్నాను. అంతలో ఒక విసురుగాలి వచ్చింది. బార్‌ను చేతులు చాపినంత దూరం తోసినా లాగుడు తగ్గలేదు. ఆ లాగుడుకు ఎదురు నిలవడానికి వెనక్కి వాలాను, బరువంతా వెనుక కాలి మీదికి వచ్చింది, బోర్డు ముక్కు పైకి లేచింది, రెక్కలు నీటిలో నుంచి బయటకు వచ్చేశాయి. నీటిలో లేని రెక్క దేనినీ మోయదు. బోర్డు పడిపోయింది, కైట్ నన్ను ముందుకు విసిరింది, బోర్డు అంచు మీద నా కుడిపక్క తగిలింది.

ఆస్పత్రి నుంచి వచ్చాక మా ఆవిడ ఒక్క మాటే అన్నది. “ప్లాంటులో పదిసార్లు లెక్క చూసుకోనిదే బోల్టు బిగించనివ్వరు. ఇక్కడ ఒక్కసారైనా చూసుకున్నారా?”

చూసుకోలేదు. విశ్రాంతిగా ఉన్న ఆ నాలుగు వారాల్లో చూసుకున్నాను.

కైట్ లాగుడు దాని వైశాల్యానికి సమానుపాతంలోనూ, అది ఎదుర్కొనే గాలి వేగపు వర్గానికి సమానుపాతంలోనూ ఉంటుంది. తొమ్మిదికి బదులు పన్నెండు అంటే వైశాల్యం మూడింట ఒక వంతు ఎక్కువ, అనగా 1.33 రెట్లు. గాలి 15 నాట్ల నుంచి 18 నాట్లకు పెరిగితే, చూడడానికి మూడు నాట్లే గాని, వర్గం చేస్తే 1.44 రెట్లు. ఈ రెండింటినీ గుణిస్తే 1.92. అంటే ఆ యువకుడు సూచించిన కైట్ మామూలు గాలిలో ఎంత లాగేదో, ఆ విసురులో నా కైట్ దానికి ఇంచుమించు రెండింతలు లాగింది.

అసలు చిక్కు ఇంకా ముందున్నది. కైట్ ఎదుర్కొనేది ఊరికే వీచే గాలిని కాదు. మన కదలిక కూడా కలిసిన గాలిని. గాలి 12 నాట్లు ఉన్నప్పుడు దానికి అడ్డంగా మనమూ 12 నాట్లతో పోతుంటే, లంబకోణ త్రిభుజపు లెక్క ప్రకారం కలిసిన గాలి 17 నాట్లు. వర్గం చేస్తే సరిగ్గా రెండింతలు. సాధారణ బోర్డు మీద వేగం పెరిగేకొద్దీ నీటి నిరోధం కూడా బలంగా పెరిగి కళ్లెం వేస్తుంది. ఫాయిల్ మీద బోర్డు నీటిని వదలగానే ఆ నిరోధంలో పెద్ద భాగం మాయమవుతుంది. నిరోధం తగ్గగానే వేగం పెరుగుతుంది, వేగం పెరిగితే కలిసిన గాలి పెరుగుతుంది, అది పెరిగితే లాగుడు పెరుగుతుంది, లాగుడు మళ్లీ వేగాన్ని పెంచుతుంది. గవర్నరు ఊడిపోయిన టర్బైను ఎలా పరుగెడుతుందో మనకు తెలుసు. ఇక్కడ గవర్నరు పని చేయవలసింది నేర్చుకునేవాడి ముందు కాలు. అది ఇంకా ఆ పని నేర్చుకోలేదు.

సైకిలు వేగంలోనే లేవగల రెక్కకు లారీ లాగుడు అక్కరలేదు. సాధారణ బోర్డుకు వాడే సైజు కంటే ఒకటి, అవసరమైతే రెండు సైజులు తగ్గించాలి. నా అంకెలు చెబుతాను. 78 కిలోల మనిషికి, పెద్ద రెక్కకు మాత్రమే ఇవి వర్తిస్తాయి. 12 నుంచి 16 నాట్ల వరకు 9 చదరపు మీటర్లు. 16 నుంచి 20 వరకు 7. అంతకు మించితే నేర్చుకునేవాడు ఒడ్డున కూర్చొని ఇతరులను చూడడం మంచిది. పది నాట్ల కంటే తక్కువ ఉన్నప్పుడూ అంతే. ఆ గాలిలో నిపుణులు హాయిగా తిరుగుతూ ఉంటారు, అది చూసి మోసపోకూడదు. వారి కైట్ నీటిలో పడదు. మనది పడుతుంది.

ఇక్కడే ఆ యువకుడి మాట నాకు పూర్తిగా అర్థమైంది. ఫాయిల్ నేర్చుకునేవాడు మొదటి పది పన్నెండు రోజుల్లో నిలబడి ఉండే సమయం నిమిషాల్లో ఉంటుంది, పడి నీటిలో ఉండే సమయం గంటల్లో ఉంటుంది. యంత్రాన్ని అది ఎక్కువసేపు ఉండే స్థితికి అనుగుణంగా ఎంచాలి గదా. కాబట్టి సైజు తరువాత చూడవలసింది, కైట్ నీటి మీద పడితే ఎంత తేలికగా తిరిగి లేస్తుందన్నది. ఆ తరువాతది, తాళ్లు వదులైనప్పుడు అది గాలిలో తేలుతూ నిలుస్తుందా లేక రాయిలా కిందికి వస్తుందా అన్నది.

ఈ రెండో దానిని సంక్రాంతి గాలిపటం ఎగరేసిన వారెవరైనా ఇట్టే గ్రహిస్తారు. చిన్నప్పుడు మా ఊళ్లో దారం చుట్టడం బద్ధకించి పటం వైపు నడిచేవాళ్లం. దారం వదులైతే దళసరి కాగితంతో, లావు పుల్లలతో చేసిన పటం తల దించుకొని పడిపోయేది. పల్చటి కాగితపు పటం మాత్రం ఊగుతూ, గాలి వాలున వెనక్కి జరుగుతూ, దారం మళ్లీ బిగిసేవరకు నిలిచేది. ఫాయిల్ మీద ఉన్నవాడు తెలియకుండానే పటం వైపు నడుస్తూ ఉంటాడు. నిరోధం తక్కువ కాబట్టి బోర్డు కైట్ ఉన్న దిక్కుకు పరుగెత్తి తాళ్లను వదులు చేస్తుంది. బరువైన కైట్ అప్పుడు పడుతుంది.

బరువు స్ట్రట్లలో ఉంటుంది. గాలి నింపే కైట్‌కు ముందంచున ఒక లావు గొట్టం, దాని నుంచి వెనక్కి పక్కటెముకల్లా చిన్న గొట్టాలు ఉంటాయి. ఆ చిన్న గొట్టాలే స్ట్రట్లు. ఐదుంటే ఆకారం స్థిరంగా ఉండి బలమైన గాలికి తట్టుకుంటుంది, కాని బరువు. ఒకటే ఉంటే చాలా తేలిక. 9 చదరపు మీటర్ల కైట్ రెండు కిలోలకు అటూ ఇటూ తూగుతుంది. ఒక్క స్ట్రట్ కైట్‌కు లోపం లేకపోలేదు. గాలి ఎక్కువై బార్‌ను దూరంగా తోసినప్పుడు దాని గుడ్డ జెండాలా టపటపలాడుతుంది. చెవికి ఇంపుగా ఉండదు, గుడ్డ ఆయుష్షూ తగ్గుతుంది. మూడు స్ట్రట్లది మధ్యే మార్గం. బలమైన గాలులుండే నైరుతి కాలంలోనే నేర్చుకోబోయేవారికి నేను మూడే చెబుతాను. గాలి మెత్తగా ఉండే ఈశాన్య కాలంలో ఒకటి. ఐదు మాత్రం ఏ కాలంలోనూ వద్దు.

ఆకారం గురించి కొంత చరిత్ర చెప్పాలి. ఫ్రాన్సులోని బ్రిటనీ ప్రాంతానికి చెందిన బ్రూనో, డొమినిక్ లెగేన్యూ సోదరులు 1984లో గాలి నింపే కైట్‌కు పేటెంటు కోరారు. నీటిలో పడినా తేలి తిరిగి లేవగల కైట్ కావాలన్నదే వారి పట్టుదల. అంటే ఈ ఆట పుట్టిందే పడిన కైట్‌ను లేపడం కోసం. తొలినాటి కైట్లు ఎదురుగా చూస్తే ఇంగ్లీషు ‘సి’ అక్షరంలా బాగా వంగి ఉండేవి. వాటి లాగుడును పూర్తిగా తగ్గించడం సాధ్యమయ్యేది కాదు. 2005 ప్రాంతంలో విల్లు ఆకారపు కైట్లు వచ్చాక ఆ పరిస్థితి మారింది. ముందంచుకు చిన్న తాళ్ల అల్లిక కట్టడం వల్ల, బార్‌ను తోసినప్పుడు కైట్ గాలికి పెట్టే కోణం దాదాపు సున్నకు తగ్గి లాగుడు పోతుంది. గాలిపటానికి మనం సూత్రం కట్టడం ఇందుకే గదా. గాలి ఎక్కువున్న రోజున సూత్రాన్ని ఒక రకంగా, తక్కువున్న రోజున మరొక రకంగా కట్టేవాళ్లం. అయితే ఆ సర్దుబాటంతా నేల మీదే చేయాలి. ఇక్కడ పటం ఎగురుతుండగానే, అరచేతి కదలికతో, క్షణక్షణానికీ సూత్రం మార్చుకోవచ్చు. సగం ధరకు దొరికే పాత ‘సి’ ఆకారపు కైట్లకు ఈ వసతి లేదు. అవి ఉచితంగా ఇచ్చినా నేర్చుకునేవాడు తీసుకోకూడదు.

2024 వేసవిలో ఒలింపిక్స్ జరుగుతున్నప్పుడు ఇద్దరు ముగ్గురు మిత్రులు నన్ను మరో ప్రశ్న అడిగారు. పారిస్ ఒలింపిక్స్‌లో ఈ ఆట మొదటిసారిగా ప్రవేశించింది. మార్సేయి తీరంలో జరిగిన పోటీల్లో పురుషుల స్వర్ణం ఆస్ట్రియాకు చెందిన వాలెంటిన్ బోంటుస్‌కు, మహిళల స్వర్ణం బ్రిటన్‌కు చెందిన ఎలీ ఆల్డ్రిడ్జ్‌కు దక్కాయి. సింగపూర్ కుర్రవాడు మ్యాక్స్ మేడర్ పదిహేడేళ్ల వయసులో కాంస్యం గెలిచాడు. వారి కైట్లకు గొట్టాలే లేవు, పారాచూట్ల మాదిరిగా ఉన్నాయి, అవే మేలైనవేమో కదా అని మిత్రుల ప్రశ్న. అవి గుడ్డతో కుట్టిన అరల్లోకి గాలి తనంతట తాను చొరబడి ఉబ్బే రకం. పందెంలో వాటికి సాటి లేదు. కాని వాటికి సన్నటి తాళ్ల అల్లిక చాలా ఎక్కువ, చిక్కుపడితే విడదీయడం కష్టం. నీటిలో ఎక్కువసేపు ఉంటే అరల్లోకి నీరు చేరుతుంది. తడిసిన ఆ మూటను లేపడం నా బోటివాడి తరం కాదు. పందెపు గుర్రాన్ని చూసి ముచ్చటపడవచ్చు గాని బండికి కట్టకూడదు.

పాత కైట్ కొనేవారికి నా అనుభవం నుంచి నాలుగు మాటలు. ఎండకు ఈ గుడ్డ మగ్గుతుంది. కొత్త గుడ్డ గరగరమంటుంది, మగ్గినది పాత చొక్కాలా మెత్తబడుతుంది. రెండు చేతులతో పట్టి లాగితే కుట్ల దగ్గర నీరసం తెలుస్తుంది. గొట్టాలకు పూర్తిగా గాలి కొట్టి ఒక రాత్రి వదిలేయమని అడగండి. తెల్లవారేసరికి మెత్తబడితే వాల్వు దగ్గర జిగురు వదిలిందని అర్థం. మన ఎండలకు ఇది తరచుగా జరుగుతుంది. అమ్మేవారు ఆ ఒక్క రాత్రికి ఒప్పుకోకపోతే బేరం మానుకోవడమే. బార్ మీది క్విక్ రిలీజ్‌ను ఇసుక పట్టి ఉన్నప్పుడు కూడా లాగి చూడండి. ఆపదలో కైట్‌ను మన నుంచి వదిలించేది అదే. నా పాత కైట్‌కు అది బిగుసుకుపోయి ఉన్నదని పక్కటెముకలు మానిన తరువాత గాని నేను కనుక్కోలేదు.

ఇక మా అమ్మాయి సంగతి. దాని బరువు 54 కిలోలు. సాధారణ బోర్డు రెండేళ్లుగా నాకంటే బాగా నడుపుతుంది. నా తొమ్మిదిని బరువుల నిష్పత్తిలో తగ్గిస్తే ఆరు చదరపు మీటర్లు వస్తాయి. మా ఆవిడ ఆ అంకె చూసి సంతోషించింది. కాని ఈసారి నేను తొందరపడలేదు. కైట్ చిన్నదయ్యేకొద్దీ చురుకు పెరుగుతుంది; బార్‌ను ఇంత కదిపితే అంత తిరుగుతుంది. కాళ్ల కింద బోర్డు ఎటు పోతుందో తెలియని దశలో చేతులు తెలియకుండా కదులుతూనే ఉంటాయి. అప్పుడు మరీ చురుకైన కైట్ దూడలా గెంతుతుంది. పైగా మెత్తటి గాలిలో చిన్న కైట్ పడితే లేవడం ఆలస్యం. పెద్దది తీసుకొని నేను చేసిన పొరపాటును, చిన్నది ఇచ్చి రెండో వైపు నుంచి చేయబోయానన్నమాట. భయంతో వేసే లెక్క కూడా దురాశతో వేసే లెక్కలాగే తప్పుతుంది. చివరకు ఒక్క స్ట్రట్ ఉన్న ఏడు చదరపు మీటర్ల కైట్ తీసుకున్నాం. గాలి 12 నాట్లకు తగ్గితే దిగకూడదు, 16 దాటితే బయటకు రావాలి. పొడవాటి స్తంభానికి బదులు 60 సెంటీమీటర్లది, పెద్ద రెక్క, తలకు హెల్మెట్, ఒంటికి దెబ్బలు తట్టుకునే జాకెట్టు. బోర్డును కాలికి తాడుతో కట్టుకోరాదు. పదునైన రెక్కలున్న వస్తువు పడిన మనిషి వెంట రాకపోవడమే క్షేమం. ఇవన్నీ మా ఆవిడ సమక్షంలో కాగితం మీద రాసి ముగ్గురం సంతకాలు పెట్టాం.

2025 జనవరిలో ఒక ఆదివారం మండపం దగ్గర పాక్ అఖాతం వైపు దిగింది. ఈశాన్య గాలి ఒడ్డు వైపుకే వీస్తున్నది, చేతిలోని మీటరు 14 నాట్లు చూపుతున్నది. గట్టు దగ్గర నీరు మోకాలి లోతే. రెక్కలు ఇసుకకు తగలకుండా బోర్డును పక్కకు వాల్చి పట్టుకొని ఛాతీ లోతు వరకు నడిచింది. పాత గురువు పడవలో వెనకాలే ఉన్నాడు. అక్కడి సముద్రగడ్డి స్తంభానికి చుట్టుకొని రెండుసార్లు బోర్డును ఠక్కున ఆపేసింది. దానికి ఏ కైటూ విరుగుడు కాదు, చేత్తో తీసుకోవలసిందే.

మా ఆవిడ ఒడ్డున కూర్చొని మొదటి అరగంట అటు చూడలేదు. నేను నోటు పుస్తకంలో గీతలు గీస్తూ ఉన్నాను. రెండు గంటల్లో అమ్మాయి 34 సార్లు పడింది. అందులో 11 సార్లు కైట్ కూడా నీటిలో పడింది. పదకొండు సార్లూ అది ఒక నిమిషం లోపునే తిరిగి లేచింది. బోర్డు నీటిని వదిలి లేచింది మూడుసార్లు, అన్నీ కలిపి పది సెకన్లు ఉండవచ్చు. మూడోసారి లేచినప్పుడు కైట్ వైపుకే దూసుకుపోయింది, తాళ్లు వదులై వేలాడాయి, మా ఆవిడ లేచి నిలబడింది. కైట్ పైన ఊగుతూ కొంచెం వెనక్కి జరిగింది, తాళ్లు బిగిశాయి, అమ్మాయి మెల్లగా పక్కకు ఒరిగి నీటిలో పడింది. కైట్ గాలిలోనే ఉన్నది.

“ఇంకెంతసేపు?” అన్నది మా ఆవిడ కూర్చుంటూ.

గాలి ఇంకా 14 దగ్గరే ఉన్నదని చెప్పి ముప్ఫై నాలుగో గీత గీశాను.